గోడ మీది రెండు మీటర్లు

ఒవెన్ మీద ఆవకాయ జాడీ ఎక్కి కూర్చుంది.

పొద్దున్నే వంటింట్లోకి వచ్చిన సుచిత్ర అది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. జాడీ మూతికి వాసెన కట్టి ఉంది. ఒవెన్ వైరు ప్లగ్గులోంచి ఊడబెరికి, చుట్టలా చుట్టి, పైన పురికొసతో రెండు ముళ్ళు కూడా వేశారు. నిన్నటివరకూ చుట్టుపక్కల వీధులకి కేకులు పంపిన ఒవెన్, తెల్లారేసరికి ఊరగాయలకి పీట అయిపోయింది.

"అత్తయ్యా, ఈ జాడీ..."

"అక్కడే ఉంటాది." అప్పలనర్సమ్మ వెనక్కి తిరక్కుండానే చెప్పింది. ఆవిడ స్టవ్ ముందు నిలబడి ఉప్మా కలుపుతోంది, కలుపుతోంది అనేకంటే చితకబాదుతోంది అంటే సరిగ్గా ఉంటుంది. "ఆవకాయకి చల్లటి చోటు కావాల. ఇంకమీదట ఇంట్లో అంతకంటే చల్లటి చోటు ఉండదు."

నిన్న సాయంత్రం వచ్చిన బిల్లు ఫ్రిజ్ మీద ఉప్పు డబ్బా కింద నొక్కి ఉంది. కిందటి నెల ఏడు వేలు దాటి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ పొరపాటు అనుకున్నారు. ఆమె భర్త ఉమేష్ కరెంటాఫీసుకి వెళ్ళి కంప్లైంటు కూడా ఇచ్చి వచ్చాడు. ఈ నెల ఎనిమిది వేలకి ఎగబాకేసరికి తప్పు పొరపాటు మీంచి లేచి వచ్చి సుచిత్ర నెత్తిన కూర్చుంది.

"నేను వారానికి మూడు నాలుగు కేకులు చేస్తాను అత్తయ్యా. దానికి ఎనిమిది వేలు ఎలా అవుతుంది? కాస్త ఆలోచించండి, థోడా సోచియే నా!"

"సోచియే, సోచియే. నాను సోచించే జాడీ పెట్టినాను." అప్పలనర్సమ్మ ఇటు తిరిగింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. "నీ మీద కోపం లేదమ్మా. నీ కేకులంటే నాకూ ఇష్టమే. కానీ మీ మావ పింఛను ఎంత, మీ ఆయన జీతం ఎంత? అందులో సగం ఆ డబ్బా తినేస్తే మనం ఏటి తింటాం?"

"నర్సమ్మా, ఒవెన్ కాదే!" వరండాలోంచి మామగారు బంగార్రాజు గొంతు వచ్చింది. "నా కూలరే అది. పాత కూలరు, కరెంటు దొంగతనంగా లాగీస్తాది. చెప్తన్నాను కదా!"

నిన్న బిల్లు చూసిన మరుక్షణమే ఆయన కూలరు ఆపేశాడు. మే నెల ఎండ రిసాలి కాలనీని రోట్లో వేసి దంచుతున్న రోజులు. బంగార్రాజు బనీను తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది, చేతిలో మడిచిన పేపరు విసనకర్రలా ఊగుతోంది. కూలరు గాలికి కీళ్ళు పట్టేస్తున్నాయని ఈయన కొత్తగా కనిపెట్టిన జబ్బు. స్టీల్ ప్లాంటు రైల్ మిల్లు వేడిలో ఒక జీవితం గడిపిన మనిషికి ఇంటి వేడి ఒక లెక్కా అని పైగా గొప్పలు. కోడలి ఒవెన్ మీదకి వచ్చిన నిందని తన కూలరు మీదకి లాక్కోవాలని ఆయన పడే తాపత్రయం సుచిత్రకి తెలుస్తూనే ఉంది. తెలిసినకొద్దీ ఆమెకి ఏడుపొస్తోంది.

ఉమేష్ షూ లేసులు కట్టుకుంటూ తలెత్తకుండా అన్నాడు. "సాయంత్రం యుగంధర్‌ని తీసుకొస్తా. పవర్ హౌస్ బజారులో వాడి బేకరీకి ఇంకో ఒవెన్ కావాలన్నాడు."

సుచిత్ర చేతిలో ఉన్న అతని టిఫిన్ డబ్బా మూత పడలేదు.

"అమ్మేస్తావా?"

"ప్రస్తుతానికే సుచీ. తర్వాత కొత్తది కొనిస్తాను."

"తర్వాత అంటే ఎప్పుడు?"

ఉమేష్ హెల్మెట్ కోసం వెతికాడు. హెల్మెట్ అతని చేతిలోనే ఉంది.

"అది మా అమ్మ కొనిచ్చింది ఉమేష్."

"తెలుసు యార్." అతని గొంతు మెత్తబడింది. "ఆఫీసులో ఆ గుమాస్తా ఏమన్నాడో తెలుసా? 'మీటర్ ఝూఠ్ నహీ బోల్తా భయ్యా, ఘర్ మే దేఖో' అన్నాడు. మీటరు అబద్ధమాడదట. ఇంట్లో చూశాం. ఈమధ్య కొత్తగా వాడకం పెరిగింది ఒవెన్ ఒక్కటే. ఇంక నేనేం చెయ్యను?"

గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఆమె భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు. మోటార్ సైకిల్ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా సుచిత్ర అక్కడే నిలబడింది.

ఆ ఒవెన్ కథ ఆ ఇంట్లో అందరికీ తెలుసు. సుచిత్ర చరోదా రైల్వే కాలనీ పిల్ల. తల్లి బేబీ ప్రతి క్రిస్మస్‌కీ వీధి మొత్తానికీ కేకులు చేసిపెట్టేది, వినాయక చవితికి వీధి మొత్తం ఆవిడకి ఉండ్రాళ్ళు పంపేది. కూతురు పెళ్ళి చేసుకుని హిందువుల ఇంటికి వెళ్తుంటే బేబీ నగ పెట్టలేదు, ఒవెన్ పెట్టింది. "ఇది ఉంటే నువ్వు ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేదు" అంది. ఆ మాట నిజం అవడం ఇప్పుడిప్పుడే మొదలైంది. ఎల్లుండి నెహ్రూ నగర్‌లో ఛాయ మేడమ్ పెళ్ళిరోజు, మూడంతస్తుల కేకు. ప్లాంటు ఆఫీసర్ల ఇళ్ళనుంచి వచ్చిన మొదటి ఆర్డరు. అది బాగుంటే ఆ వీధంతా ఆర్డర్లు వస్తాయి. ఒవెన్ పోతుందనుకుంటే, ఇవాళే ఫోన్ చేసి కుదరదని చెప్పాలి.

ఆమె ఫోన్ చెయ్యలేదు. చెయ్యలేకపోయింది.

మధ్యాహ్నం ఇల్లు నోరు మూసుకుని పడుకుంది. అప్పలనర్సమ్మ పెరట్లో రేకుల నీడన కూర్చుని రెండో విడత ఆవకాయకి కాయలు తుడుస్తోంది. సుచిత్ర మామగారికి మజ్జిగ గ్లాసు తీసుకెళ్ళింది.

"మావయ్యా, కూలరు వెయ్యనా?"

"వద్దమ్మా, కీళ్ళు."

"మీ కీళ్ళకేం కాలేదు."

బంగార్రాజు మజ్జిగ తాగి మీసం తుడుచుకున్నాడు. "అయితే ఏటైంది? రెండు నెల్లు నాను ఉక్కపోతలో కూచుంటే బిల్లు తగ్గుతాది. తగ్గితే అది కూలరే అని మీ అత్త నమ్ముతాది. అంతవరకూ ఆ ఒవెన్ని అమ్మనివ్వకుండా చూసుకో." అని గొంతు తగ్గించి, "నీ కేకు లేకపోతే నాకు సాయంత్రం టీ దిగదు తల్లీ, అదీ అసలు సంగతి" అన్నాడు.

సుచిత్ర నవ్వింది. ఆ రోజుకి అదే మొదటి నవ్వు. ఆ నవ్వుతోనే ఆమెకి పట్టుదల వచ్చింది. ఈ ముసలాయన చెమటలో తడుస్తూ తన కోసం కీళ్ళ నొప్పులు కల్పించుకుంటుంటే, తను చేతులు కట్టుకుని కూర్చోవడం ఏమిటి? ఫ్రిజ్ మీది బిల్లు తీసుకుని బయటికి నడిచింది.

వాళ్ళ ఇల్లూ పక్కిల్లూ కవల ఇళ్ళు. ప్లాంటు క్వార్టర్లలో పక్కపక్కన బతికిన బంగార్రాజు, గురునాథరావు రిటైరవుతూ స్థలం కలిపి కొని, ఒకే మేస్త్రీ చేత మధ్యగోడ ఒకటే పెట్టించి కట్టించుకున్నారు. ఆ గోడ ముందు భాగంలో రెండు కరెంటు మీటర్లూ పక్కపక్కనే ఉంటాయి. ఎండాకాలం మొదలవుతుండగా కరెంటాఫీసు వాళ్ళు పాతవి పీకేసి ఈ కొత్త స్మార్ట్ మీటర్లు బిగించి పోయారు.

ఎడమ మీటరు మీది నంబరూ బిల్లు మీది నంబరూ ఒకటే. అంటే ఎడమది తమది. దాని మీద ఎర్ర దీపం గబగబా మిణుకుతోంది. కరెంటు ఎంత ఎక్కువ వాడితే అంత తొందరగా మిణుకుతుందని ఉమేషే ఒకసారి చెప్పాడు. సుచిత్ర వరండాలోకి వెళ్ళి ఇంటి మెయిన్ స్విచ్ దించేసింది.

"కరెంటు పోయిందామ్మా?" నడుం వాల్చిన బంగార్రాజు లేచి కూర్చున్నాడు.

"రెండు నిమిషాలు మావయ్యా."

ఆమె మళ్ళీ గోడ దగ్గరికి పరిగెత్తింది. ఇంట్లో ఫ్యాను లేదు, ఫ్రిజ్ లేదు, ఏదీ లేదు. కానీ ఎడమ మీటరు దీపం అలాగే గబగబా కొట్టుకుంటోంది. పక్కనున్న కుడి మీటరు మాత్రం చచ్చినట్టు ఆగిపోయింది.

సుచిత్ర వెళ్ళి స్విచ్ ఎత్తింది. కుడి మీటరు కదిలింది. దించింది. ఆగింది.

అంతే! బిగించినవాళ్ళు నంబర్లు తారుమారు చేసి పోయారు. తమ ఇంటి కరెంటు కుడి మీటరులో తిరుగుతోంది. తమ పేర వస్తున్న బిల్లు పక్కింటిది. తప్పు తన ఒవెన్‌ది కాదు, మామగారి కూలరుదీ కాదు. సుచిత్రకి ఆ ఎండలో గంతులు వెయ్యాలనిపించింది.

"ఏటమ్మా కోడలు పిల్లా, ఎండలో మీటర్ల ముందు నవ్వుకుంటన్నావు?"

పక్కింటి గుమ్మంలో కనకరత్నం నిలబడి ఉంది. గురునాథరావు భార్య, అత్తగారికి ప్రాణ స్నేహితురాలు. చేతిలో ఆరబెట్టిన తువ్వాళ్ళు, మొహంలో ఎన్నడూ లేని తేట.

"రత్నమత్తా! మా బిల్లు సంగతి..."

"తెలుసమ్మా, నర్సమ్మ చెప్పి ఒకటే ఏడుపు. మీకేటో గానీ, మాకు మాత్రం ఈ కొత్త మీటరు దేవుడైపోనాది." కనకరత్నం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "పాతది దొంగ మీటరు. అప్పుడు మీ గురునాథం మావకి ఆక్సిజన్ మిషన్ కాసేపేసి కాసేపాపీవోళ్ళం. బిల్లుకి జడిసి ఆయనే ఆపీమనీవోడు. బీడీలు తాగి పాడు చేసుకున్న ఊపిరితిత్తులకి మళ్ళీ డబ్బులు తగలెయ్యక్కర్లేదని ఎకసెక్కాలు. ఆపినప్పుడల్లా ఆ ఎగశ్వాస చూడలేక నాను పెరట్లోకి ఎలిపోయీదాన్ని."

సుచిత్ర చేతిలో బిల్లు మడతపడింది.

"ఇప్పుడు పద్దెనిమిది వందలకి మించి రావడం లేదమ్మా! మరి భయమేటి? మిషన్ ఆపడమే లేదు. డాక్టరు చెప్పినాడని ఏసీ కూడా ఏస్తన్నాం. నిన్న రాత్రి పడుకుని నిద్దరోనాడు. కూచుని కాదమ్మా, పడుకుని! ఎన్నాళ్ళయిందో ఆ మనిషి నడుం మంచానికి ఆనించి." కనకరత్నం కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. "ఇంతకీ ఏటో చెప్పబోయావు?"

గోడ అవతలి గదిలో మిషన్ సన్నగా గుర్రుమంటూ తిరుగుతున్న చప్పుడు ఇక్కడికి వినబడుతోంది.

"ఏం లేదత్తా," అంది సుచిత్ర. "ఎండ బాగా ఉంది, లోపలికి వెళ్ళండి."

పెరట్లో అప్పలనర్సమ్మ కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. సుచిత్ర ఎదురుగా కూలబడి, జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. మెయిన్ దించితే తమ మీటరు ఆగలేదు అన్నంతవరకూ వచ్చిందో లేదో అత్తగారు లేచి నిలబడింది.

"చూసినావా! నాను ముందే చెప్పినాను! నా కోడలు అలాటిది కాదని!"

ఆ మాట ఆవిడ ఎప్పుడు చెప్పిందో, ఎవరికి చెప్పిందో దేవుడికే తెలియాలి. "పద, చీర మార్చుకుని వస్తాను. ఆ కరెంటాఫీసు గుమాస్తా మొహాన కొడదాం ఆ కాగితం. మీటర్ ఝూఠ్ నహీ బోల్తాట!"

"అత్తయ్యా, కూర్చోండి. ఆ మీటరు రత్నమత్తది."

"ఎవరిదైతే నాకేటి?" అని, సగంలో ఆగిపోయింది. "ఎవరిదీ?"

సుచిత్ర మొత్తం చెప్పింది. మిషన్ సంగతి, పడుకుని నిద్రపోయిన సంగతి. అప్పలనర్సమ్మ మెల్లిగా మళ్ళీ పీట మీద కూర్చుంది. ఒక మామిడికాయ తీసుకుంది, తుడిచింది, పక్కన పెట్టింది, తుడిచిన ఆ కాయనే మళ్ళీ తీసి తుడిచింది.

"మీటర్లు బిగించిన రోజు నానే ఉన్నాను," అంది. "రత్నం గురునాథాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళినాది. తాళం నాకిచ్చినాది. క్వార్టర్లలో మాకు అదే అలవాటు గదా, ఎవరింటికి ఎవరొచ్చినా ఎవరో ఒకరు నిలబడీవోళ్ళం. ఆ బిగించేవోడు 'యే కిస్‌కా, వో కిస్‌కా' అని, ఏది ఎవరిదని అడిగినాడు. రెండిళ్ళ పాత బిల్లులూ కలిపి ఆడి చేతిలో పెట్టీసి, 'సబ్ అప్నాయే హై బేటా, పకోడీ ఖావో' అన్నాను, అన్నీ మనవే గదా అని."

వేరే రోజైతే సుచిత్ర పడీ పడీ నవ్వేది. రెండిళ్ళూ ఒకటే అనుకునే మనిషికి తప్ప ఈ పొరపాటు ఇంకెవరికీ చేతకాదు.

"పొరపాటు మీది కాదు అత్తయ్యా. నంబర్లు సరిచూడాల్సింది వాళ్ళు. రేపు వెళ్ళి చెప్దాం, సరిచేస్తారు."

"సరిచేస్తే ఆ బిల్లు ఎవరికి పోతాది?"

సుచిత్ర చేతిలో బిల్లు విప్పి మళ్ళీ మడిచింది.

"రెండు నెలల బకాయీ కలిపి రత్నం ఇంటికి పోతాది. బిల్లు చూసిన మరుక్షణం గురునాథం మిషన్ ఆపీస్తాడు. ఆడి మొండితనం నాకు తెలీదేటి?"

"మనం సాయం చేస్తామని చెప్దాం."

"తీసుకుంటాదా అది? మనం కూర పంపిన గిన్నె కూడా ఖాళీగా తిరిగి పంపదు." అప్పలనర్సమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ ఆయన పుట్టినప్పుడు నాకు పాలు పడలేదమ్మా. పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తంటే రత్నం వచ్చి ఎత్తుకున్నాది. దాని కూతురు వందనకి ఒక రొమ్ము, వీడికి ఒక రొమ్ము. వీడు తిరగడం మొదలెట్టినదాకా. ఒక్కసారి కూడా ఆ మాట దాని నోట రాలేదు. అలాటిదాని ఇంటికి నాను బిల్లు పంపించనా?"

మామిడికాయల బుట్ట మీద ఈగలు ముసురుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ తోలలేదు.

"అయితే?" అంది సుచిత్ర.

"నోరిప్పకు. ఒవెన్ వల్లనే అనుకోనీ అందరినీ."

"అత్తయ్యా!"

"కొన్నాళ్ళే తల్లీ."

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు? పొద్దున్న ఉమేష్ కూడా తర్వాత అన్నాడు. ఈ ఇంట్లో అందరికీ నా ఒవెన్ ఒక్కటే దొరికిందా?" సుచిత్ర చేతిలో బిల్లు కింద పెట్టేసింది. "తప్పు చెయ్యకుండా నేనెందుకు పడాలి? సాయంత్రం అది యుగంధర్ బండి ఎక్కుతుంది. మా అమ్మకి ఏం చెప్పను? రత్నమత్త మీకెంతో నాకూ అంతే. కానీ నేను కూడా మీ ఇంటి మనిషినే కదా అత్తయ్యా!"

అప్పలనర్సమ్మ చేతిలోని కాయ పక్కన పెట్టింది. కోడలి చెయ్యి పట్టుకోబోయింది. చేతులకి మామిడి జీడి అంటుకుని ఉంది, వెనక్కి తీసుకుంది. సుచిత్ర లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా వెయ్యలేదు. వేసి ఉంటే అత్తగారికి కొంత తేలిగ్గా ఉండేది.

సాయంత్రం ఉమేష్ వచ్చాడు. వెనకే ట్రాలీ ఆటోలో యుగంధర్ వచ్చాడు. చేతిలో పాత దుప్పటి, తాడు.

జాడీ దించారు. ముళ్ళేసిన వైరు ఒవెన్ మీద పెట్టారు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని వరండాలోకి తెచ్చారు. సుచిత్ర గోడకి ఆనుకుని చూస్తూ నిలబడింది. ఒక్క మాట చాలు. మీటరు దగ్గరికి వీళ్ళని తీసుకెళ్ళి మెయిన్ స్విచ్ దించి చూపిస్తే చాలు. ఆ మాట నాలుక చివరకి వచ్చి ఆగుతోంది. పడుకుని నిద్దరోనాడమ్మా అన్న గొంతు దాన్ని ఆపుతోంది. ఇంత మంచితనం తనకి ఎవరు నేర్పారని ఆమెకి తన మీద తనకే కోపం వచ్చింది.

"దించండి రా దాన్ని."

అప్పలనర్సమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, తప్పుకో. బరువుగా ఉంది."

"దించమన్నాను. ఒవెన్ అమ్మడం లేదు."

ఉమేష్, యుగంధర్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒవెన్ నేల మీదకి దిగింది.

"ఏంటమ్మా ఇది? నువ్వే కదా కరెంటంతా ఒవెన్ తినేస్తోందన్నావు!"

"తప్పు. ఒవెన్ తిన్లేదు కరెంటు."

"మరెవరు తిన్నారు?"

"నాను." అప్పలనర్సమ్మ గడ్డం ఎత్తింది. "మీరెవరూ లేనప్పుడు నాను హీటరు మీద వండుతన్నాను. క్వార్టరు నాటి హీటరు."

సుచిత్ర గోడ వదిలి నిటారుగా నిలబడింది. అత్తగారు తన తప్పు అని ఒప్పుకోవడం పెళ్ళయిన ఈ మూడేళ్ళలో ఆమె చూడలేదు. అదీ చెయ్యని తప్పు!

క్వార్టర్లలో బతికినవాళ్ళకి ఆ హీటరు సంగతి చెప్పక్కర్లేదు. మట్టి పలక గాడిలో స్ప్రింగు తీగ, ఎర్రగా కాలితే దాని మీద పప్పు, అన్నం, స్నానానికి నీళ్ళు. కరెంటు లెక్క ఎవరికీ పట్టని రోజుల్లో ప్రతి వంటింట్లోనూ అదే పొయ్యి. సొంత ఇంటికి వచ్చాక బంగార్రాజు దాన్ని గుమ్మం దాటనివ్వనని ఒట్టు పెట్టించుకున్నాడు.

"గ్యాసు మీద పప్పు రుచి రాదు. అందుకని," అంది అప్పలనర్సమ్మ. "కోడలి మీద పెట్టీసినాను. తప్పైపోనాది."

ఉమేష్ తండ్రి వైపు తిరిగాడు. "నాన్నా?"

బంగార్రాజు భార్య మొహంలోకి చూశాడు. అక్కడ ఏం కనబడిందో ఏమో, గొంతు సవరించుకున్నాడు. "ఔను. నానూ చూసినాను. చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నాది."

ఆవిడ ఎవరి కాళ్ళైనా పట్టుకుందంటే రిసాలిలో నమ్మేవాళ్ళు లేరు.

"పొద్దున్నేమో కూలరన్నావు," అన్నాడు ఉమేష్.

"కూలరూ, హీటరూ. రెండూ."

"సరే. ఎక్కడుంది ఆ హీటరు? చూపించు."

అప్పలనర్సమ్మ సుచిత్ర వైపు చూసింది. సుచిత్ర కళ్ళు అప్పటికే నిండిపోయి ఉన్నాయి. మధ్యాహ్నపు కోపం ఎటు పోయిందో తెలీదు. వెళ్ళి ఆవిణ్ణి గట్టిగా పట్టుకోవాలని ఉంది.

"ఆ హీటరా!"

గేటు దగ్గర కనకరత్నం నవ్వుతోంది. చేతిలో మూతపెట్టిన గిన్నె. మధ్యగోడ ఒకటే అయిన ఇళ్ళలో ఎవరి కేకలు ఎవరికి వినబడవు గనక!

"నీకు మతిగాని పోనాదేటే నర్సమ్మా? క్వార్టరు ఖాళీ చేసిన రోజు అది నాకిచ్చీసినావు కదే. మా అటక మీద పడున్నాది. తీగ తెగిపోయి ఎన్నేళ్ళయిందో! కావాలంటే తెచ్చి చూపిస్తాను బాబూ, పాపం మీ అమ్మకి..."

ఎవరూ నవ్వలేదు. బంగార్రాజు గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. కనకరత్నం నవ్వు మెల్లిమెల్లిగా సన్నబడింది. నేల మీది ఒవెన్‌ని చూసింది. కన్నీళ్ళు తుడుచుకుంటున్న సుచిత్రని చూసింది. చివరికి స్నేహితురాలి మొహం మీద ఆగింది.

"లేని హీటరుని నెత్తిన పెట్టుకుంటన్నావేటి?" ఆవిడ గొంతు మారిపోయింది. "నా దగ్గిర దాచే మాట నీకేటుందే?"

"ఏటీ లేదే. నువ్వు ఇంటికెళ్ళు."

"ఇంటికెళ్ళా? ఎన్నడైనా అన్నావే నన్ను ఆ మాట?"

కనకరత్నం గిన్నె పక్కన పెట్టి, వరండా మెట్టు మీద చతికిలబడింది. "చెప్పు. చెప్పినదాకా నాను ఇక్కణ్ణుంచి లేవను. ఆయన నిద్దరోతన్నాడు, నాకేటీ తొందర్లేదు."

అప్పలనర్సమ్మ వెళ్ళి ఆవిడ పక్కనే కూర్చుంది. ఆవిడ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఏ గొడవలోనూ ఎదుటివాళ్ళకి మాట మిగల్చని మనిషి, చెమ్మగిల్లిన కళ్ళెత్తి కోడలి వైపు చూసింది.

"నా వల్ల కాదమ్మా. నువ్వు చెప్పు."

ఉమేష్, యుగంధర్, మామగారు, కనకరత్నం, అందరూ సుచిత్ర వైపు తిరిగారు. నిజం చెప్పమంటోందో, ఇంకో అబద్ధం చెప్పమంటోందో మాత్రం అత్తగారు చెప్పలేదు.